ఏ రోడ్డుకు ఏ తారు, ఏ మిక్స్? ఈ ప్రశ్న కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు పాడైన ప్రతిసారీ పేపర్లో ఓ ఫొటో వస్తుంది, కింద 'నాసిరకం పనులు' అని ఓ మాట ఉంటుంది, కొన్ని రోజులకు కాంట్రాక్టర్ మీద ఓ ఆరోపణ, ఇంజనీరు ఇచ్చే ఓ వివరణ వస్తాయి, అంతటితో ఆ రోడ్డు సంగతి అయిపోతుంది. నాసిరకం అనేది చాలాచోట్ల నిజమే, కాదనను. కానీ రోడ్డు పనుల క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేసేవాడిగా నాకు ఇంకో సంగతి కూడా కనిపిస్తుంటుంది. సరుకు మంచిదే, కొలతలు సరిగ్గానే ఉన్నాయి, పని కూడా ఒళ్ళు దాచుకోకుండా చేశారు, అయినా రెండో వేసవికే రోడ్డు గాడులు పడుతుంది, లేదా రెండో వానాకాలానికే కంకర లేచిపోతుంది. ఎందుకంటే ఆ చోటికి ఆ తారు పనికిరాదు, లేదా ఆ మిక్స్ పనికిరాదు. పని మొదలవకముందే, కాగితం మీదే తప్పు జరిగిపోయింది. అది ఫొటోలో కనపడదు కాబట్టి వార్త కాదు.

హాట్ మిక్స్, అంటే రాయినీ తారునూ వేడి మీద కలిపి రోడ్డు మీద పరిచే సరుకు, 100 కిలోలు తీసుకుంటే అందులో 95 కిలోల దాకా రాయే, అంటే కంకర, చిప్స్, డస్ట్, ఫిల్లర్ (మెత్తటి పొడి) అన్నీ కలిపి. మిగిలిన 5 కిలోలు, కాస్త అటూ ఇటూగా, తారు, అదే బిటుమెన్. బరువు మోసేది రాయి, రాళ్ళను విడిపోకుండా పట్టి ఉంచేది తారు. చిక్కంతా ఆ 5 కిలోల స్వభావంలోనే ఉంది. ఎండకు మెత్తబడుతుంది, చలికి పెళుసెక్కుతుంది, ఇది అందరికీ తెలుసు. అంతగా తెలియనిది ఏమిటంటే, బరువు దాని మీద ఎంతసేపు ఉందన్న దాన్ని బట్టి కూడా అది మారిపోతుంది. లారీ వేగంగా వెళ్ళిపోతే తారు గట్టిగా ఎదురు నిలుస్తుంది, కాస్త అణిగినా మళ్ళీ లేస్తుంది. అదే లారీ ఆగి నిలబడితే చక్రాల కింద నెమ్మదిగా జారుతుంది, అలా జారింది మళ్ళీ వెనక్కి రాదు. కాబట్టి 'మంచి తారు ఏది' అని అడిగితే జవాబు లేదు. అక్కడ ఎండెంత, చలెంత, ఎంత బరువు ఎంత వేగంతో పోతుంది, నీళ్ళు ఎటు పోతాయి, కింద ఏముంది అని అడిగితేనే జవాబు దొరుకుతుంది.

ముందు ఎండ సంగతి. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలని వార్తల్లో చదువుతాం, ఆ మధ్యాహ్నం తారు రోడ్డు 60 దాటి ఉంటుంది. నల్లటి రోడ్డు ఎండను తాగేస్తుంది మరి. ఒకప్పుడు తారును సూదితో గ్రేడు చేసేవాళ్ళు, చాలా దేశాల్లో ఇప్పటికీ చేస్తున్నారు. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల బరువుతో సూదిని 5 సెకన్లు వదిలి, ఎంత లోతు దిగిందో మిల్లీమీటరులో పదో వంతుల లెక్కన చూస్తారు, 60/70, 80/100 అనే పాత పేర్లు అక్కడివే. ఈ పరీక్షలో లోపం ఏమిటంటే 25 డిగ్రీల దగ్గర ఒకేలా కనిపించిన రెండు తారులు 60 డిగ్రీల దగ్గర వేరువేరుగా ప్రవర్తించవచ్చు, రోడ్డు గాడి పడేది ఆ 60 దగ్గరేనాయె. అందుకే 60 డిగ్రీల దగ్గర చిక్కదనం కొలిచి గ్రేడు ఇచ్చే పద్ధతి వచ్చింది. భారత్‌లో తారుకు ఉన్న ఐఎస్ 73 ప్రమాణం 2006లో ఈ పద్ధతికి మారింది. వీజీ-10, వీజీ-20, వీజీ-30, వీజీ-40 అని నాలుగు గ్రేడులు, వీజీ అంటే విస్కాసిటీ (చిక్కదనం) గ్రేడ్, అంకె పెరిగేకొద్దీ తారు గట్టిది. 2013 నాటి సవరణ ప్రకారం వీజీ-30 చిక్కదనం 2400 నుంచి 3600 పాయిజ్‌ల మధ్య ఉండాలి, వీజీ-40ది 3200 నుంచి 4800 మధ్య. ఎక్కడ ఏది అన్నదానికి అందులోనే ఓ సూచన ఉంది. ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 30 డిగ్రీల లోపైతే వీజీ-10, 30 నుంచి 38 అయితే వీజీ-20, 38 నుంచి 45 అయితే వీజీ-30, 45 దాటితే వీజీ-40.

ఆ సూచనలో ఎండ మాత్రమే ఉంది, చలి లేదు. అమెరికాలో 1987లో మొదలైన పెద్ద హైవే పరిశోధన కార్యక్రమం నుంచి వచ్చిన పీజీ (పెర్ఫార్మెన్స్ గ్రేడ్) పద్ధతిలో రెండూ ఉన్నాయి. పీజీ 64-22 అంటే రోడ్డు వేడి (గాలి వేడి కాదు, రోడ్డు వేడి) ఏడు రోజుల సగటున 64 డిగ్రీల దాకా పోయినా గాడి పడకూడదు, మైనస్ 22 దాకా దిగినా చలికి పగలకూడదు. గ్రేడులు ఆరేసి డిగ్రీల మెట్లుగా ఉంటాయి. ఈ రంగంలో వాళ్ళకు ఓ మోటు లెక్క ఉంది, మైనస్ గుర్తు పట్టించుకోకుండా రెండు అంకెలూ కలిపితే 90 దాటుతోందంటే మామూలు తారుతో అయ్యే పని కాదు, పాలిమర్ కలపాల్సి రావచ్చు. 64-22 అయితే 86, మామూలుగా దొరుకుతుంది. 76-22 అయితే 98, ఇక అది వేరే సరుకు. అన్ని దేశాలూ ఈ పద్ధతే పాటించాలని కాదు నా ఉద్దేశం. ఏ పద్ధతైనా సరే, గ్రేడు ఆ చోటి వాతావరణం చూసి ఎంచాలి గానీ పోయినసారి టెండరు కాగితం చూసి కాదు. పాత ఎస్టిమేట్‌ను కాపీ చేసి ఊరి పేరు మార్చడం ఎంత మామూలో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళను అడిగితే తెలుస్తుంది.

ఇక బరువు, వేగం. ఇక్కడ పాఠకులు తమంతట తాము చూసి తెలుసుకోగలిగిన విషయం ఒకటుంది. ఈసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రోడ్డు వైపు చూడండి. బండ్లు ఆగే చోట చక్రాల బాటలో రెండు గాడులు పడి, మధ్యలో, పక్కల తారు ఉబ్బి ఉంటుంది. అదే రోడ్డు మీద బండ్లు వేగంగా పోయే చోట అంత గాడి ఉండదు. ఒకే రోజు, ఒకే ప్లాంటు నుంచి వచ్చిన ఒకే మిక్స్! బస్‌స్టాప్, టోల్ గేటు, లారీలు మూలుగుతూ ఎక్కే ఎత్తు రోడ్డు, పోర్టులో కంటెయినర్ల దారి, అన్నిచోట్లా ఇదే కథ. అందుకే పీజీ పద్ధతిలో వాతావరణానికి సరిపడే గ్రేడు ఎంచాక, బండ్లు నెమ్మదిగా పోయే చోటికి, నిలబడే చోటికి దాన్ని ఒకటి రెండు మెట్లు పెంచుతారు. కొత్త విధానంలో ఉష్ణోగ్రత అంకెను అలాగే ఉంచి ఎస్, హెచ్, వీ, ఈ అనే అక్షరాలు తగిలిస్తారు, ఈ అంటే విపరీతమైన ట్రాఫిక్, పైగా నిలబడే ట్రాఫిక్. అక్షరం ఏదో తేల్చడానికి తారు నమూనాను వేడి మీద మెలిపెట్టి వదులుతూ, ఎంత వెనక్కి వచ్చింది, ఎంత మిగిలిపోయిందో కొలుస్తారు.

బరువు లెక్క ఇంకా ఘోరం. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో రోడ్డు లూపులు కట్టి వాటి మీద లారీలను తిప్పి తిప్పి చేసిన పరీక్షల్లో తేలింది ఏమిటంటే, యాక్సిల్ (ఇరుసు) మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లు. కారు రోడ్డును పాడుచేయదనే చెప్పొచ్చు, ఓవర్‌లోడ్ లారీ పాడుచేస్తుంది. కాబట్టి రోజుకు ఎన్ని బండ్లు తిరుగుతాయో లెక్కపెట్టి మిక్స్ ఎంచితే సరిపోదు, ఏ బండి ఎంత బరువుతో తిరుగుతుందో చూడాలి. ఇసుక లారీలు పోయే చిన్న రోడ్డుకూ, కార్లు మాత్రమే పోయే పెద్ద రోడ్డుకూ తేడా ఇక్కడ తెలుస్తుంది.

ఇదంతా చదివి 'అయితే అన్నిచోట్లా అన్నిటికన్నా గట్టి తారే వేస్తే పోలా' అని ఎవరైనా అనొచ్చు, అంటున్నారు కూడా, 'హైవేకి వేసిన తారే మా వీధికీ వేయాలి' అని డిమాండ్ చేసేవాళ్ళను చూస్తుంటాం. ఇది నాకు బాగా చిరాకు తెప్పించే మాట, ఎందుకంటే వినడానికి న్యాయంగా ఉంటుంది, ఫలితం మాత్రం అన్యాయంగా ఉంటుంది. హైవే కింద బలమైన పొరలు మందంగా ఉంటాయి, బండి పోతే అది పెద్దగా వంగదు, అక్కడ గట్టి తారు పనిచేస్తుంది. వీధి రోడ్డు కింద సన్నటి పునాది, దాని కింద మెత్తటి మట్టి. బండి పోయిన ప్రతిసారీ అది కాస్త వంగి లేస్తుంది. దాని మీద 30, 40 మిల్లీమీటర్ల గట్టి పొర వేస్తే వంగలేక పగుళ్ళిస్తుంది, పగుళ్ళలోంచి నీళ్ళు దిగి కింది మట్టిని ఇంకా మెత్తబరుస్తాయి, అప్పుడు గుంత. అలాంటి రోడ్డుకు కాస్త మెత్తటి తారు, కాస్త ఎక్కువ పాళ్ళలో వేసిన సన్న మిక్స్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంకోటి కూడా ఉంది. ట్రాఫిక్ తక్కువున్న రోడ్డు గాడి పడి చావదు, ముసలితనంతో చస్తుంది. గాలి తగిలి తారు ఏడాదికేడాది పెళుసెక్కుతుంది, కంకర ఒక్కొక్కటే ఊడొస్తుంది. ముందే గట్టిగా ఉన్న తారు ఆ స్థితికి ఇంకా త్వరగా చేరుతుంది.

పాలిమర్ కలిపిన తారు గురించి కూడా ఇదే ధోరణి. పేరు వినగానే ఇక రోడ్డుకు తిరుగులేదనుకుంటారు. ఎస్‌బీఎస్ అనే పాలిమర్‌ను 3 నుంచి 5 శాతం దాకా కలిపితే తారుకు సాగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం వస్తుంది, వేడికి జారడం తగ్గుతుంది, పగుళ్ళను కూడా కొంత ఆపుతుంది. ఈవీఏ లాంటి పాలిమర్లు తారును గట్టిపరుస్తాయి గానీ సాగే గుణం అంతగా ఇవ్వవు. పాత టైర్ల పొడి కలిపే పద్ధతి 1960ల్లో అమెరికాలోని అరిజోనాలో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. అన్నీ పనికొచ్చేవే, తగిన చోట. కానీ వీటిని ట్యాంకులో కదపకుండా రోజుల తరబడి ఉంచితే పాలిమర్ పైకి తేలొచ్చు, రబ్బరు పొడి అడుగుకు దిగొచ్చు, అప్పుడు ట్యాంకు పైభాగం ఒక తారు, కిందిభాగం ఒక తారు. కలపడానికి, పరవడానికి మామూలు తారుకన్నా ఎక్కువ వేడి కావాలి. చల్లారకముందే రోలింగ్ అయిపోవాలి, ఆలస్యమైతే ఇక రోలర్ ఎన్నిసార్లు తిప్పినా అణగదు. ఖరీదైన తారు కొని, పని మాత్రం పాత అలవాటులోనే చేస్తే మామూలు తారుతో వేసిన రోడ్డే నయం. అయినా రాళ్ళ మధ్య పొందిక లేని మిక్స్‌ను ఏ పాలిమరూ కాపాడలేదు.

ఆ పొందిక గురించే నేను ఎక్కువ చెప్పాలనుకున్నది, ఎందుకంటే తారు గ్రేడు గురించైనా అప్పుడప్పుడు ఎవరో ఒకరు మాట్లాడతారు, దీని గురించి అసలు మాట్లాడరు. పాతకాలంలో రాతి గోడ కట్టేటప్పుడు పెద్ద రాళ్ళ సందుల్లో చిన్న రాళ్ళు, వాటి సందుల్లో చిల్లపెంకులు దూర్చినట్టు, మిక్స్‌లో కూడా అన్ని సైజుల రాయీ లెక్క ప్రకారం ఉండాలి. దీన్నే డెన్స్ మిక్స్ అంటారు, లోకంలో ఎక్కువ రోడ్లు దీనితోనే వేస్తారు. అయితే సందులన్నీ పూర్తిగా నిండకూడదు. రాళ్ళ మధ్య ఖాళీలో చాలా భాగం తారు నింపాలి, చివరికి మొత్తం మిక్స్‌లో 4 శాతం దగ్గర గాలి మిగలాలి, 3 నుంచి 5 శాతం దాకా డిజైన్‌లో ఒప్పుకుంటారు. ఈ గాలెందుకు అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. వేసవిలో తారు వ్యాకోచిస్తుంది, దానికి చోటు కావాలి. ఆ చోటు 3 శాతం కన్నా తగ్గితే తారు పైకి తేలి రోడ్డు నల్లగా నిగనిగలాడుతుంది, వానపడితే బండ్లు జారతాయి, రాళ్ళు తారులో తేలినట్టయి గాడులు కూడా పడతాయి. అలా నిగనిగలాడే రోడ్డును చూసి 'తారు బాగా పోశారు' అని మెచ్చుకునే పెద్దలున్నారు, ఏం చేస్తాం.

అదే గాలి ఎక్కువైతే? పరిచిన వెంటనే రోడ్డులో 7 శాతం దాకా గాలి ఉండటం మామూలే, ట్రాఫిక్ అణచి అణచి దాన్ని 4 దగ్గరికి తెస్తుందని లెక్క. 8 శాతం దాటితే మాత్రం ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసిపోయి, పైనుంచి నీళ్ళు, గాలి లోపలికంటా పోవడానికి దారులవుతాయి. 7 దాటాక పెరిగే ఒక్కో శాతానికీ రోడ్డు ఆయుష్షు సుమారు పదో వంతు తగ్గుతుందని ఈ రంగంలో చాలాకాలంగా చెప్పుకునే లెక్క. అంటే అదే తారు, అదే రాయి, అదే ఖర్చు, రోలర్ నాలుగు సార్లు తక్కువ తిరిగితే రోడ్డు ఏళ్ళకు ఏళ్ళు పోగొట్టుకుంటుంది. కోర్ (రోడ్డులోంచి గుండ్రంగా కోసి తీసే ముక్క) తీసో, పరికరంతోనో సాంద్రత కొలవడం తప్ప దీన్ని కనిపెట్టే దారి లేదు, పైకి రెండు రోడ్లూ ఒకేలా ఉంటాయి.

రోలింగ్ సరిగ్గా కుదరాలంటే పొర మందానికీ రాయి సైజుకూ పొత్తు కుదరాలి. పొర మందం పెద్ద రాయి సైజుకు కనీసం మూడింతలుండాలి, రాయి పాలు ఎక్కువున్న ముతక మిక్స్ అయితే నాలుగింతలు. 19 మిల్లీమీటర్ల రాయి ఉన్న మిక్స్‌ను 30 మిల్లీమీటర్ల పొరగా పరిస్తే రాళ్ళు కదలడానికి చోటుండదు, పేవర్ (మిక్స్‌ను పరిచే యంత్రం) వాటిని ఈడ్చేస్తుంది, రోలర్ కింద పగులుతాయి, పొర ఎక్కడా సరిగ్గా అణగదు. మీ విలేకరులు స్కేలు పెట్టి మందం కొలిచి 'ఇంతే వేశారు' అని రాస్తుంటారు, మంచిదే, కానీ ఆ మందంలో ఏ సైజు రాయి వాడారో కూడా రాస్తే వార్తకు బలం వస్తుంది. మందం సరిగ్గా ఉండి రాయి పెద్దదైనా రోడ్డు పోతుంది.

వేరే రకాల మిక్స్‌లూ ఉన్నాయి. స్టోన్ మాస్టిక్, ఎస్‌ఎంఏ అంటారు, 1960ల్లో జర్మనీలో పుట్టింది, మంచు కోసం మేకులు దించిన టైర్లు రోడ్లను అరగదీస్తుంటే దాన్ని తట్టుకోవడానికి. ఇందులో పెద్ద రాయి ఎక్కువ, మధ్య సైజు దాదాపు ఉండదు, పెద్ద రాళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని బరువు మోస్తాయి. మధ్యలో చిక్కటి తారు, ఫిల్లర్ ముద్ద. తారు 6 శాతం పైనే పడుతుంది, అది కారిపోకుండా సుమారు 0.3 శాతం నారపీచు లాంటి ఫైబర్ కలుపుతారు. ఖర్చెక్కువ, కానీ బరువు లారీలు తిరిగే చోట, సిగ్నల్స్ దగ్గర దీనికి సాటి తక్కువ. ఇంకోటి నీళ్ళు లోపలికి ఇంకేలా చేసే ఓపెన్ గ్రేడెడ్ మిక్స్, గాలి 18, 20 శాతం దాకా ఉంచుతారు, వానలో నీళ్ళు చిమ్మవు, టైర్ల చప్పుడు తగ్గుతుంది. దుమ్ము ఎక్కువున్న చోట మాత్రం ఆ రంధ్రాలు పూడుకుపోతాయి, శుభ్రం చేసే ఏర్పాటు లేనిచోట వేయడం దండగ.

రాయి గురించి రెండు మాటలు. గుండ్రటి రాయి, గుండ్రటి ఇసుక ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి, క్రషర్‌లో పగలగొట్టిన కోసుగా ఉండే రాయి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. సహజ ఇసుక ఎక్కువ కలిపిన మిక్స్ పరవడానికి సుఖంగా ఉంటుంది, అందుకే కూలీలకు, ఆపరేటర్లకు ఇష్టం, వేసవి వస్తే గాడులు. పలక రాయి రోలర్ కింద విరిగిపోతుంది, విరిగిన ముఖానికి తారు పూత ఉండదు. రాయికి మట్టి అంటుకుని ఉంటే తారు ఆ మట్టిని పట్టుకుంటుంది గానీ రాయిని పట్టుకోదు.

వాన పడితే రోడ్డు ఎందుకు పోతుందో కూడా రాయిలోనే ఉంది. గ్రానైట్, క్వార్ట్జైట్ లాంటి సిలికా ఎక్కువున్న రాళ్ళకు తారుకన్నా నీళ్ళంటే ఎక్కువ ఇష్టం. నీళ్ళు తగిలితే తారును నెట్టేసి నీళ్ళనే పట్టుకుంటాయి, పైనుంచి టైరు ఒత్తిడి ఆ నీళ్ళను ఇంకా లోపలికి తోస్తుంది. సున్నపురాయికి ఈ జబ్బు తక్కువ. మందు కూడా పాతదే, చవకే. రాయి బరువులో 1 నుంచి 2 శాతం తడి సున్నం (హైడ్రేటెడ్ లైమ్) పొడిని ఫిల్లర్‌గా కలిపితే తారు పట్టు పెరుగుతుంది, లేదా తారులో కలిపే రసాయనాలున్నాయి. పనిచేసిందో లేదో తెలియడానికి కొన్ని నమూనాలను నీళ్ళలో నానబెట్టి, కొన్నిటిని పొడిగా ఉంచి, రెండిటినీ పగలగొట్టి పోల్చి చూస్తారు, నానినదాని బలం పొడిదానిలో 80 శాతమైనా ఉండాలి. వానలు బాగా పడే చోట ఈ ఒక్క పరీక్ష చేయకుండా మిక్స్‌ను ఆమోదించడం నాకైతే మింగుడుపడదు. తారు గ్రేడు ఏదైనా, ఇది తప్పితే మిగతావన్నీ దండగే కదా.

తారు ఎంత శాతం అన్నది కూడా గుడ్డిగా పెట్టే అంకె కాదు. 'పక్క పనిలో 5.5 వేశారు, మీరు 5.2 ఎందుకు వేశారు' అని తనిఖీల్లో అడుగుతుంటారు. శాతం బరువు లెక్కన చెబుతారు, నల్లరాయి బరువెక్కువ, తెల్లరాయి బరువు తక్కువ, కాబట్టి ఒకే మందం పూత వేయడానికి బరువు రాయికి తక్కువ శాతం చాలు. మరోపక్క, కొన్ని రాళ్ళు తారును పీల్చేసుకుంటాయి, ఆ పీల్చుకున్నది అతకడానికి పనికిరాదు, దానికి విడిగా లెక్క కట్టాలి. అందుకే ల్యాబ్‌లో నాలుగైదు రకాల శాతాలతో ముద్దలు చేసి, మార్షల్ పద్ధతిలో రెండు పక్కలా 75 దెబ్బల చొప్పున కొట్టి, బలం, అణుగుడు, గాలి శాతం అన్నీ చూసి ఒక అంకె దగ్గర ఆగుతారు. క్వారీ మారితే ఆ అంకె చెల్లదు, మళ్ళీ మొదటికి రావాలి. క్వారీ మారి డిజైన్ మాత్రం పాతదే నడిచిన పనులు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

ఇక ప్లాంటు. వీజీ-30 లాంటి మామూలు తారుతో మిక్స్ 150 నుంచి 165 డిగ్రీల మధ్య తయారవ్వాలి. దూరం ఎక్కువ, దారిలో చల్లారిపోతుందన్న టెన్షన్‌తో 185, 190కి పెంచేస్తారు కొందరు, లారీ మీంచి నీలంగా పొగ వస్తుంటుంది. ఆ పొగతో పాటు తారులోని తేలిక భాగాలు పోతాయి, మిగిలింది రోడ్డు మీదికి రాకముందే కొన్నేళ్ళు ముసలిదవుతుంది. ల్యాబ్‌లో తారు ముసలితనాన్ని పరీక్షించడానికి సన్నటి పొరగా చేసి 163 డిగ్రీల దగ్గర 85 నిమిషాలు గాలి తగిలేలా తిప్పుతాం, ఆ తర్వాత 60 డిగ్రీల దగ్గర చిక్కదనం మొదటిదానికి నాలుగు రెట్లు దాటకూడదని ఐఎస్ 73 చెబుతుంది. ఆ పరీక్ష నెగ్గిన తారును కూడా ప్లాంటులో అరగంటలో పాడుచేయొచ్చు. దూరం నిజంగానే ఎక్కువైతే వార్మ్ మిక్స్ పద్ధతి ఉంది, ప్రత్యేక రసాయనం కలిపో, నురుగు తెప్పించో 20, 30 డిగ్రీలు తక్కువ వేడితోనే పరవగలిగేలా చేస్తారు, ఇంధనమూ మిగులుతుంది.

పాత రోడ్డును గీకి తీసిన సరుకును కొత్త మిక్స్‌లో కలపడం మంచి పని, నేను సమర్థిస్తాను. కానీ ఆ సరుకులోని తారు ఇప్పటికే గట్టిపడి ఉంటుంది కాబట్టి, ఎక్కువ పాళ్ళలో కలిపేటప్పుడు కొత్త తారు ఒక మెట్టు మెత్తటిది వేయాలి. 15 శాతం లోపైతే గ్రేడు మార్చక్కర్లేదని, 25 దాటితే రెండు తారుల లక్షణాలూ కొలిచి లెక్క కట్టాలని అమెరికా పాత నియమం. మనవాళ్ళు ఖర్చు తగ్గుతుందని పాత సరుకు కలుపుతారు, గ్రేడు మాత్రం మార్చరు, ఆ తర్వాత పగుళ్ళు వస్తే రీసైక్లింగే తప్పని తీర్మానిస్తారు.

మీ పేపరుకు నా విన్నపం ఒకటే. రోడ్డు పని మొదలవుతోందని వార్త రాసేటప్పుడు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు, ఎవరు కొబ్బరికాయ కొట్టారు అన్నవాటితో పాటు జాబ్ మిక్స్ ఫార్ములా, అంటే ఆ పనికి ఖరారు చేసిన మిక్స్ లెక్కల కాగితం, కాపీ అడగమని మీ విలేకరులకు చెప్పండి. మహా అయితే రెండు మూడు పేజీలు. అందులో తారు గ్రేడు, దాని శాతం, రాయి సైజులు, ఏ క్వారీ రాయి, డిజైన్ గాలి శాతం, నీళ్ళ పరీక్ష ఫలితం, మిక్సింగ్ వేడి, అన్నీ ఉంటాయి, ఉండాలి. ఆ గ్రేడు ఎందుకు ఎంచారు, సిగ్నల్ దగ్గర వేరే మిక్స్ వేస్తున్నారా, వేయకపోతే ఎందుకు అని అడగండి. ప్లాంటు వాళ్ళు ఒకే రోజు రెండు రకాల మిక్స్ తయారుచేయడం కష్టమంటారు, రెండు ట్యాంకులు కావాలంటారు. కష్టమే, కానీ అన్ని సిగ్నల్స్ దగ్గరా ఏటా గీకి మళ్ళీ వేయడం కన్నా కష్టం కాదు. పని అయ్యాక కోర్ ఫలితాలు, అంటే రోడ్డులో నిజంగా ఎంత గాలి మిగిలిందన్నది, అడిగి వేయండి. ఆ ఒక్క అంకె ఎనిమిది దాటి ఉంటే, ఆ రోడ్డు ఫొటో తీయడానికి గుంతలు పడేదాకా ఆగక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు